యాకూబ్ సర్దార్ ఎటు పోతడు?

1974 జూన్‌లో నన్ను గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనికి వెల్ఫేర్ ఆఫీసర్‌గా వేశారు. కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్న గనికి ఇలాంటి అధికారి ఒకరు ఉండి తీరాలని చట్టం. క్వార్టర్లకు నీళ్లు రాకపోయినా, క్యాంటీన్‌లో చాయ్ పలచనైనా, దవాఖానలో మంచం దొరక్కపోయినా జనం నా గదికే వచ్చేవారు. లోపల ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆ ఇంటికి వెళ్లి చెప్పడం కూడా నా పనే. వీటన్నిటితో పాటు ఆటల పోటీలను కూడా నా నెత్తినే పెట్టారు. అది తేలికైన పని అనుకున్నాను.

అక్కడ గనిని ఎవరూ గని అనరు. బాయి అంటారు. బాయికి పోతున్న, బాయి దిగిండు, బాయిల ఉన్నడు. నేను చేరిన వారంలోనే ఆ మాట నా నోటికీ పట్టింది.

సర్దార్ అంటే ఏమిటో ముందే చెప్పాలి. బాయి లోపలి భాగాన్ని డిస్ట్రిక్టులుగా విడగొడతారు. ఒక్కో షిఫ్టులో ఒక్కో డిస్ట్రిక్టుకు ఒక సర్దార్ ఉంటాడు. అతని పైన ఓవర్‌మన్, ఆ పైన అండర్ మేనేజర్, అందరి మీదా మేనేజర్. సర్దార్ చిన్న హోదాయే, కానీ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప ఎవరినీ ఆ పనిలో పెట్టరు. పనివాళ్ల కన్నా ముందు అతను లోపలికి వెళ్లాలి. గాలి ఎట్లా ఉందో దీపంతో చూడాలి. నెత్తి మీది బండను కర్రతో తట్టి చప్పుడు వినాలి. ఏదైనా చోటు బాగా లేదనిపిస్తే ఆ దారి మొదట్లో రెండు కర్రలు అడ్డంగా కట్టేస్తాడు. ఆ అడ్డకర్రలు దాటి మేనేజర్ కూడా ఊరికే లోపలికి పోడు. బండను సరిచేశాక సర్దారే వాటిని విప్పాలి.

యాకూబ్ అలాంటి సర్దార్. నలభై దాటిన మనిషి, బక్కపలచగా, కాస్త వంగి నడిచేవాడు. హైదరాబాద్‌లో కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడాడని, మోకాలు దెబ్బతిని బొగ్గుబాయికి వచ్చాడని చెప్పేవారు. మా గని జట్టును ఆడించేది అతనే. కాగితం మీద టీం మేనేజర్‌గా నా పేరుండేది గానీ, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరిని కూర్చోబెట్టాలో చెప్పేది యాకూబే. కార్మికులు అతన్ని బంతి మేనేజర్ అనేవారు. బాయికొక మేనేజర్, బంతికొక మేనేజర్ అని నవ్వుకునేవారు. అతను రాకముందు మా జట్టు మొదటి ఆటలోనే ఓడి ఇంటికి వచ్చేదట. అతను పట్టుకున్నాక రెండేళ్లలో, చుట్టుపక్కల గనులన్నిటికీ కలిపి పెట్టే ఏరియా కప్పు మా క్యాంటీన్ అలమరాలోకి వచ్చింది.

కప్పు వచ్చిన నాటి నుంచే అసలు తలనొప్పి మొదలైంది. యాకూబ్ ఎటు పోతడు? పొద్దున లేస్తే ఇదే ముచ్చట. ఆ రోజుల్లో ఏరియాల మధ్య ఆటంటే ఆఫీసర్ల మధ్య పంతం. మంచి ఆటగాడినో, ఆడించేవాడినో పక్క ఏరియా వాళ్లు ప్రమోషన్ ఆశ చూపి లాక్కుపోవడం అందరికీ తెలిసిందే. అందుకని చౌరస్తా హోటల్లో, దిగే ముందు దీపాలు తీసుకునే ల్యాంప్ రూం వరుసలో, దవాఖాన బల్లల మీద కూడా జనం యాకూబ్‌ను ఊళ్లకు ఊళ్లు తిప్పేవారు. ఓవర్‌మన్ ఉద్యోగం ఇచ్చి కొత్తగూడెం తీసుకుపోతారని కొందరు. అత్తగారిల్లు ఉంది కాబట్టి బెల్లంపల్లికేనని కొందరు. హైదరాబాద్‌లో ఏదో సర్కారు జట్టు కబురు పెట్టిందని ఇంకొందరు. యాకూబ్ భార్య అంగడిలో రేకు పెట్టె కొంటే అది ప్రయాణానికేనన్నారు. క్వార్టర్‌కు సున్నం వేయిస్తే, ఖాళీ చేసి అప్పగించడానికేనన్నారు. సున్నం వేసినవాడు, లేదు బాబూ, పండగకని వేయించుకున్నాడని చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు.

నన్ను కూడా వదిలేవారు కాదు. చాయ్ గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చి, "సార్, మీకు ఎర్కనే ఉంటది. యాకూబన్న ఎటు పోతుండు? జర చెప్పరాదు," అని గొంతు తగ్గించి అడిగేవారు. నాకు తెలియదంటే, తెలిసి దాస్తున్నానని ఖాయం చేసుకునేవారు. మొదట్లో ఇదంతా వినోదంగానే ఉండేది. రానురాను విసుగెత్తింది. ఒకసారి యాకూబ్‌నే పిలిచి, పోతున్నావా లేదా తేల్చి చెప్పమన్నాను. అతను నవ్వాడు.

"అల్లాకు ఎరుక, జీఎం సాబుకు ఎరుక. నాకేం ఎరుక సార్?" అన్నాడు. అందరికీ అదే జవాబు, అదే నవ్వు.

ఆ చలికాలం ఏరియాల పోటీలు కొత్తగూడెంలో పెట్టారు. జట్టునూ యాకూబ్‌నూ వారం పాటు డ్యూటీ నుంచి విడుదల చెయ్యమని నేను రాశాను, మేనేజర్ సంతకం చేశారు. యాకూబ్ చోట ఆ వారం దిగడానికి సాంబయ్యను పెట్టారు. సాంబయ్య షాట్‌ఫైరర్, అంటే బొగ్గులో మందు కూరి పేల్చేవాడు. సర్దార్ పరీక్ష ప్యాసయ్యాడు గానీ ఖాళీ లేక ఏడాది పైగా ఎదురుచూస్తున్నాడు. మంచి పనిమంతుడు, కాస్త తొందర మనిషి. కనపడ్డప్పుడల్లా, "నా సంగతి ఏమన్న అయిందా సార్?" అని అడిగేవాడు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ఆఫీసులో బదిలీ అంటే మనిషిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెయ్యడం. బాయి మీద బదిలీ అంటే వేరు. డ్యూటీకి రాని మనిషి జాగాలో ఆ పూటకు దిగే మనిషిని బదిలీ అంటారు. పేల్చిన బొగ్గును టబ్బులకెత్తే కూలీలు ఫిల్లర్లు, వాళ్లలో బదిలీ ఫిల్లర్లని ఒక పెద్ద గుంపే ఉండేది. రోజూ షిఫ్టు ముందర హాజరు వేసే క్లర్కు కిటికీలోంచి, ఫలానా వాడికి బదిలీ ఎవడు, రమ్మని అరిచేవాడు. ఒకే మాటకు రెండర్థాలున్నా అక్కడ ఎవరూ తికమకపడేవారు కాదు. కూలివాడి గురించి అంటే ఒకటి, ఆఫీసర్ గురించి అంటే ఇంకొకటి.

ఆ శుక్రవారం క్లర్కు కిటికీలోంచి, "యాకూబ్ సర్దార్‌కు బదిలీ వచ్చింది," అని చెప్పాడు. వారం రోజులకు మనిషి వచ్చాడనే అతని ఉద్దేశం. ఇంకే సర్దార్ విషయంలో అన్నా జనం అట్లాగే అర్థం చేసుకునేవారు. కానీ ఆ పేరు యాకూబ్‌ది. ఆరు నెలలుగా జనం దేనికోసం చెవులు రిక్కించి ఉన్నారో అదే వినపడింది. సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. యాకూబ్‌కు కొత్తగూడెం బదిలీ అయింది, పోటీల పేరు చెప్పి వెళ్తున్నాడు, ఇక తిరిగి రాడు. సాంబయ్యకు ఆ డిస్ట్రిక్టు ఖాయమైంది. సాంబయ్య ఇంటికి వెళ్లి చెయ్యి పట్టుకుని ఊపినవాళ్లున్నారు. అతని భార్య లక్ష్మి ఇరుగుపొరుగుకు చక్కెర పంచింది. సాంబయ్యను తప్పుపట్టలేను. ఏడాదిగా ఎదురుచూస్తున్న మాట నలుగురూ వచ్చి చెబుతుంటే ఏ మనిషి కాదంటాడు?

శనివారం యాకూబ్‌ది రెండో షిఫ్టు. ఆ వారానికి అదే చివరి షిఫ్టు. ఆదివారం బొగ్గు తియ్యరు. షిఫ్టు ముగించే ముందు అతను మూడో లెవెల్ అనే అడ్డదారిలో బండను చూసి, బాగా లేదని అడ్డకర్రలు కట్టించాడు. అక్కడొక పగులు ఉంది. అది అవతలి దారిలోంచి దీపం ఎత్తి చూస్తే తప్ప కనపడదు. ఇవతలి నుంచి కర్రతో తడితే బండ గట్టిగానే పలుకుతుంది. ఇటువంటి చోట్లు కాగితం మీద రాస్తే సరిపోదు, మనిషిని తీసుకెళ్లి చూపించాలి. సర్దార్ వారానికి సెలవు మీద పోతే తన బదిలీని వెంటబెట్టుకుని డిస్ట్రిక్టంతా ఒకసారి తిప్పి చూపించడం మా దగ్గర ఆనవాయితీ. అదే సర్దార్‌ను పూర్తిగా వేరే చోటికి వేస్తే పాతవాడు తిప్పడు. కొత్తవాడు చేరిన రోజు ఓవర్‌మన్ వెంట ఉండి తిప్పుతాడు.

ఆదివారం పొద్దున రమ్మని యాకూబ్ సాంబయ్యకు కబురు పెట్టాడు. సాంబయ్య రాలేదు. తనది పక్కా పోస్టు అనుకున్నాడు, సోమవారం ఓవర్‌మన్ తిప్పుతాడులే అనుకున్నాడు. పైగా వెళ్లిపోయే మనిషి పిలిస్తే ఏం పోతామని ఇంట్లో అన్నాడట. యాకూబ్ ల్యాంప్ రూం ముందర చాలాసేపు నిలబడ్డాడు. స్టేషన్‌కు పోయే లారీలో జట్టు మొత్తం ఎక్కి కూర్చుంది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. చివరికి ల్యాంప్ రూంలో ఉన్న అతనితో, "సాంబయ్య వస్తే మూడో లెవెల్ల బండ జర పైలంగ చూసుకొమ్మని చెప్పు," అని లారీ ఎక్కాడు. ల్యాంప్ రూం అతను చెప్పాలనే అనుకున్నాడు. సోమవారం పొద్దున అతనికి డ్యూటీ లేదు.

సోమవారం మొదటి షిఫ్టులో సాంబయ్య దిగాడు. మూడో లెవెల్ మూసి ఉందని ఓవర్‌మన్ శనివారం రిపోర్టులో చూశాడు. సాంబయ్య వారానికి వచ్చిన బదిలీయే కదా, యాకూబ్ తిప్పి చూపించే ఉంటాడనుకుని వేరే డిస్ట్రిక్టు వైపు వెళ్లిపోయాడు. ఇతను పక్కా సర్దార్, యాకూబ్ వెళ్లిపోయినవాడు అని ఫిల్లర్లు అనుకున్నారు. పని చోటు మూసి ఉంటే ఫిల్లర్లు ఖాళీగా కూర్చోవాలి. కొత్త సర్దార్‌కు మొదటి రోజే అది నామోషీ. సాంబయ్య బండను తట్టి చూశాడు. గట్టిగా పలికింది. పోయినోడు కట్టిన కర్రలు ఇంకెన్నాళ్లు ఉంచుతామని అన్నాడట. అడ్డకర్రలు విప్పించి ముందు తానే లోపలికి నడిచాడు. వెనక పోశం అనే ఫిల్లర్.

వేళకాని వేళ సైరన్ మోగితే కాలనీలో అందరికీ తెలుస్తుంది. ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నెలు అట్లాగే వదిలి బాయి గేటు దగ్గరికి పరుగెత్తుకొస్తారు. ఎవరింటి మనిషో తెలిసేదాకా ఎవరూ ఏడవరు. ఆ నిశ్శబ్దం కన్నా భరించలేనిది నా ఉద్యోగంలో ఇంకొకటి చూడలేదు. మూడో లెవెల్ బండ కూలి సాంబయ్య, పోశం ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. బండ ఎత్తి బయటికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. రెండిళ్లకూ నేనే వెళ్లాను. పోశం తల్లి ముసలిది, నా మాట వినపడక మళ్లీ మళ్లీ ఏమైందని అడిగింది. అదే మాట గొంతెత్తి మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

కొత్తగూడేనికి ట్రంక్‌కాల్ చేశాం. యాకూబ్ ఎవరినీ అడక్కుండా దొరికిన రైలెక్కి వచ్చేశాడు. అతను లేని జట్టు మర్నాడు ఓడిపోయింది. రైలు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తిప్పి చూపెట్టింది ఎవరు సార్ ఆయనకు?" అని అడిగాడు.

ఎవరూ చూపించలేదని చెప్పాను. మొహం రెండు చేతుల్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "పోతలేనని ముందే చెప్పిన సార్, దోస్తులకు చెప్పిన. కొత్తగూడెం సాబు అడిగితే రానని కూడా చెప్పిన. ఎవడు నమ్మిండు? ఇగ నవ్వి ఊకున్న. నవ్వకుంట ఉంటే బాగుండు," అన్నాడు.

గనుల భద్రత చూసే ప్రభుత్వ శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి విచారణ పెట్టాడు. తమిళనాడు మనిషి, తెలుగు గానీ ఉర్దూ గానీ రావు. సాక్షులు చెప్పింది ఇంగ్లిషులోకి చెప్పే పని నాకిచ్చారు. సాక్షి వచ్చినప్పుడల్లా బదిలీ అనే మాట రావడం, ఆయన కలం ఆపి, ఏ బదిలీ అని నన్ను అడగడం, నేను సాక్షిని అడగడం. క్లర్కు, వారానికి వచ్చిన మనిషనే చెప్పాను సార్ అన్నాడు. ఓవర్‌మన్ కూడా అంతే. ల్యాంప్ రూం అతను మాత్రం, "అదేంది సార్, కొత్తగూడెం పోతుండని అందరికీ ఎర్కనే గదా," అన్నాడు. ఎవరు చెప్పారంటే, అందరూ అన్నారన్నాడు. ఫిల్లర్లలో ఒకతను ఇంకో అడుగు ముందుకేసి, యాకూబ్‌కు అక్కడ క్వార్టర్ కూడా ఇచ్చారని ప్రమాణం చేసి చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ కలం మూసి బల్ల మీద పెట్టేశాడు.

యాకూబ్ వంతు రావడానికి ముందు రోజు యూనియన్ మనిషి ఒకడు అతన్ని పక్కకు పిలిచి సలహా ఇచ్చాడు. ఆ సంగతి నాకు యాకూబే చెప్పాడు. సాంబయ్య ఆదివారం వచ్చాడని, అంతా చూసుకున్నానన్నాడని చెబితే చాలట. పోయినవాడు వచ్చి కాదనడు. యాకూబ్ సర్టిఫికెట్ నిలబడుతుంది. ఆ సర్టిఫికెట్ లేకపోతే అతను సర్దార్ కాడు, మామూలు కూలీ. ఆ వయసులో, ఆ మోకాలితో మామూలు కూలీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు యాకూబ్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి ఇలా చెప్పాడు. "జాగ నాది సాబ్. ఆయన నాకు బదిలీ వచ్చిండు, వారం రోజులకు. తిప్పి చూపెట్టే డ్యూటీ నాది. ఆయన రాలే. రాకుంటే నేను రైలెక్కకుంట ఉండాలె. ఎక్కిన." నేను ఆ మాటలను ఒక్కొక్కటిగా ఇంగ్లిషులో చెప్పాను. నా ఉద్యోగంలో అంత కష్టంగా నోరు తెరిచింది లేదు.

అతని సర్టిఫికెట్‌ను ఏడాది పాటు నిలిపేశారు. ఓవర్‌మన్‌కు మందలింపు వచ్చింది. ఇంతకాలం కొత్తగూడెం, బెల్లంపల్లి, హైదరాబాద్ అని తిప్పినవాళ్లలో ఒక్కడు కూడా ఊహించని చోటికి యాకూబ్ వెళ్లాడు. బాయి పైన కర్రల యార్డులో దుంగలు మోసే పనికి. ఏడాది తిరిగాక సర్టిఫికెట్ వచ్చినా అతను మళ్లీ సర్దార్‌గా దిగలేదు. జట్టు ముఖం కూడా చూడలేదు. హోటల్లో అతను ఎటు పోతాడన్న ముచ్చట ఆగిపోయింది. కొన్నాళ్లకు ఇంకెవరి గురించో మొదలైంది.

సాంబయ్య భార్య లక్ష్మికి గని క్యాంటీన్‌లో పని ఇప్పించాను. కాగితాల మీద వేలిముద్ర వేయడానికి నా గదికి వచ్చినప్పుడు, వేశాక కూడా లేవకుండా కూర్చుంది. ఏం కావాలమ్మా అన్నాను.

"ఒక్క మాట చెప్పు సారూ. ఆ పొద్దు మా ఆయన సర్దారా, బదిలీయా?"

చట్టం ప్రకారం ఆ షిఫ్టుకు సర్దార్‌గా దిగినవాడే సర్దార్, బదిలీ మీద వచ్చినా సరే. ఆమెకు అదే చెప్పాను. సర్దారేనమ్మా అన్నాను.

"మరి సర్దార్ అయితే ఓవర్‌మన్ వచ్చి తిప్పాలె గదా. బదిలీ అయితే యాకూబన్న తిప్పాలె. ఇద్దర్ల ఒక్కలన్న రాకపాయె," అంది. కొంగుతో బొటనవేలి సిరా తుడుచుకుని లేచి వెళ్లింది.

ఆ తర్వాత నేను ఇంకా మూడు గనుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. ఆరు నెలల పాటు యాకూబ్ ఎటు పోతాడని గని మొత్తం అడిగింది. అతను పోతే ఆ డిస్ట్రిక్టు ఎవరికి చూపించి పోతాడని ఒక్కరూ అడగలేదు. అలా అడగడం ఎవరి డ్యూటీ కిందా రాసి లేదు. తర్వాత పనిచేసిన ప్రతి గనిలోనూ, ఎవరు ఎక్కడికి పోతున్నా, ఆ రెండో ప్రశ్న నేనే అడిగేవాణ్ని. వెల్ఫేర్ ఆఫీసర్‌కు ఇదేం సంబంధమని చాలామంది చిరాకుపడ్డారు. పడనిచ్చాను.